హెడ్‌లైటుకు పట్టిన పొర

కారు నడిపి కుటుంబాన్ని పోషించుకొనే వారు పాతబస్తీలో ఎందరో ఉన్నారు. 2008లో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు తరలిన నాటి నుంచి చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా వైపు డ్రైవర్లకు అర్ధరాత్రి బేరాలు, ఫజర్‌కు ముందటి బేరాలు మామూలైపోయాయి. మన గల్లీలలో కారుకు వేరే షెడ్డు కట్టే చోటు ఎక్కడిది? రాత్రంతా తిరిగిన బండి పగలంతా ఎండలోనే నిలిచి ఉంటుంది. కొన్నేళ్ళకు దాని హెడ్‌లైట్లు పసుపుబారి, శుక్లం పట్టిన కళ్ళలా కనిపిస్తాయి. ఇంటివారు దాన్ని అందానికి సంబంధించిన లోపమనుకొని ఊరుకుంటారు. అది అందానికి సంబంధించినది కాదని మనవి చేయదలచాము.

వెనుకటి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లకు గాజు దీపాలుండేవి. గాజు పగిలేదే తప్ప పసుపుబారేది కాదు. ఇప్పటి హెడ్‌లైటు పైభాగం పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. దెబ్బకు అంత సులభంగా పగలదు గాని, సూర్యుని అతినీలలోహిత కిరణాలకు తట్టుకోలేదు. అందుకే కర్మాగారంలో దానిపై పలుచని రక్షణపూత వేస్తారు. ఎండకు ముందు ఆ పూత చెడుతుంది, తరువాత ప్లాస్టిక్ చెడుతుంది. అమెరికాలోని వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2018లో జరిపిన పరీక్షలో, బాగా మసకబారిన దీపాలు కొత్తవి ఇచ్చే వెలుగులో సుమారు 20 శాతమే ఇస్తున్నాయని తేలింది. సానబట్టి బాగుచేస్తే ఆ వెలుగు దాదాపు 70 శాతానికి చేరింది. మసకబారిన దీపం వెలుగులో కొంత చెదిరిపోయి ఎదుటివాని కళ్ళలో పడుతుంది. ఎక్కువ వాట్ల బల్బు వేయించడం దీనికి మందు కాదు. పొర అలాగే ఉంటుంది, వేడి పెరుగుతుంది, ఎదుటివానికి బాధ రెట్టింపవుతుంది.

పనికి దిగేముందు దీపంపై నీళ్ళు చల్లి చూడాలి. తడిసినప్పుడు స్వచ్ఛంగా కనిపిస్తే చెడినది పైపొరే, దాన్ని బాగుచేయవచ్చు. తడిసినా మసకగానే ఉంటే లోపం లోపలిది. అప్పుడు ఎంత రుద్దినా ఫలితం ఉండదు.

చుట్టూ ఉన్న రంగుకు గీతలు పడకుండా మాస్కింగ్ టేపు అంటించి, మన మేస్త్రీలు రేగ్‌మాల్ అనే ఉప్పుకాగితంతో, అందులోనూ నీటితో రుద్దే వాటర్ పేపరుతో పని మొదలుపెట్టాలి. ముందు 600 లేక 800 నంబరు, ఆపై 1000, 1500, 2000. ఒక్కొక్క నంబరుకు రుద్దే దిశ మారిస్తే, ముందటి గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. పాత పూత పూర్తిగా పోవాలి. అక్కడక్కడ మిగిలితే కొత్త పూత మచ్చలుగా కనిపిస్తుంది. ఈ దశలో దీపం మునుపటికంటే తెల్లగా మారి చూసేవారిని భయపెడుతుంది, కంగారు అక్కరలేదు. తుడవడానికి మాత్రం షెడ్డులో అందుబాటులో ఉండే థిన్నరును, పెట్రోలును వాడనివ్వకండి. పాలీకార్బొనేట్ వాటికి సన్నగా బీటలు వారుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు.

తరువాత క్లియర్ కోట్. చాలామంది ఇక్కడే ఆదా చేయబోయి మోసపోతారు. టూత్‌పేస్టుతోనో, పాలిష్ కాంపౌండుతోనో రుద్దితే దీపం ఆ రోజుకు మెరుస్తుంది. కాని రక్షణపూత లేనందున కొద్ది నెలలకే మళ్ళీ పసుపుబారుతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే క్లియర్ కోటును ఒకేసారి మందంగా కాక, పలుచగా రెండు మూడు వరుసలు, మధ్యలో ఆరనిస్తూ వేయాలి. దుమ్ము లేచే చోట, వాన తేమ ఉన్న రోజున వేయకూడదు. తేమకు పూత తెల్లబారుతుంది.

బండి అమ్మేముందు ఇలా పైపై మెరుగు పెట్టి కొనేవానికి చూపించేవారికి ఒక మాట. సరుకులోని లోపాన్ని చెప్పి అమ్మడం మన ధర్మంలో వ్యాపారికి విధి. హెడ్‌లైటు అందుకు మినహాయింపు కాదు.

మాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది షెడ్లలో పని నేర్చుకొనే కుర్రవాళ్ళ సంగతి. హార్డెనర్ కలిపి స్ప్రే చేసే పూతలలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు చేరితే ఉబ్బసం పట్టుకోవచ్చు. ముక్కుకు కట్టుకొన్న రుమాలు వాటిని ఆపలేదు. ఆవిరిని పట్టే కార్ట్రిడ్జి ఉన్న మాస్కు, చేతి తొడుగులు, గాలి ఆడే చోటు తప్పనిసరి. మీ బిడ్డ అటువంటి షెడ్డులో పని చేస్తుంటే ఒక సాయంత్రం వెళ్ళి, అతడు ముఖానికి ఏమి పెట్టుకొంటున్నాడో స్వయంగా చూడండి. లేకపోతే ఉస్తాదుతో మాట్లాడి ఇప్పించండి.