మూలికల చుక్కలు, పిల్లి ప్రాణము

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము నుండి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన మన తెలుగువారి ఇండ్లలో పలుచోట్ల పిల్లులను పెంచుట కలదు. వానాకాలపు ఉక్కలో వాటి ఒంటిపై ఫ్లీ అనే గెంతే పురుగులు చేరును. అంతట ఇంటివారు మూలికలతో చేసిన చుక్కమందు తెచ్చి, ఆకు పసరే గదా యని ధారాళముగా పోయుదురు.

ఇక్కడనే ప్రమాదమున్నది. కొన్ని ఫీనాల్ జాతి పదార్థములను గ్లూకురోనిక్ ఆమ్లముతో జతపరచి బయటకు పంపు ఎంజైము మనకు, కుక్కలకు ఉన్నది. పిల్లిలో అది పనిచేయదు. పారాసెటమాల్ మాత్ర దానికి విషమగుటకు ముఖ్యకారణము ఇదే. లవంగనూనెలోని యూజినాల్ కూడ ఫీనాలే. పైగా పిల్లి ఒళ్ళంతా నాకును గనుక పూసినది కడుపులోనికి పోవును. ఫ్లీల కొరకు శుద్ధ టీ ట్రీ నూనె పూయగా మూడు పిల్లులు విషబాధకు లోనై, అందొకటి మరణించిన ఉదంతము 1998లో అమెరికా పశువైద్య పత్రికలో వెలువడినది.

కావున సీసాపై "పిల్లులకు" అని ఉన్నదా, ఏ వయస్సుకు, ఎన్ని కిలోల బరువుకు ఎంత యని చూడవలెను. కుక్కల మందు తగ్గించి వాడుట పనికిరాదు. మెడ వెనుక, నాలుక అందని చోట, వెంట్రుకలు పాయదీసి చర్మముపై వేయవలెను. చిన్న కూనలకు, పాలిచ్చు తల్లికి పశువైద్యుని అడిగిన పిదపనే. చొంగ, వణుకు, తూలుట కనిపించినచో గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, తుడిచి, సీసాతో సహా వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను.

గుడ్లు మాత్రము పిల్లిపై నిలువక, అది పడుకొను గోనెపట్టాలోనికి రాలును. పట్టాను వేడినీట ఉతికి, పేలదువ్వెనకు చిక్కిన పురుగులను సబ్బునీట వేసినచో చుక్కల అవసరమే చాలవరకు తగ్గును.