పట్టాక్రింద నీరెక్కడిది?

వడ్లనుగాని వేరుసెనగకాయలనుగాని కల్లములో ఎండబోసి, సాయంకాలము వేడి యారకమునుపే రాశిచేసి టార్పాలిను పట్టా కప్పినచో, తెల్లవారి ఎత్తిచూచునప్పటికి దాని లోపలివైపున నీటిబొట్లు కనబడును. రాత్రి మంచు లోనికి దిగినదని పలువురు తలచుచుందురు. మంచు పట్టాపైన పడునుగాని లోపల చొరజాలదు. ఆ నీరు గింజలనుండి వచ్చినదే.

నీరు కాగిననే ఆవిరి యగు ననుకొనరాదు. చన్నీటినుండియు ఆవిరి లేచుచునే యుండును. లేనియెడల నీడలో వేసిన పంచె యెట్లారును? ఈ యావిరికిని గాలివలెనే ఒక త్రోపుడు గలదు. దానిని ఆవిరి పీడనమందురు. మాంచెస్టరు నగరమున జాన్ డాల్టను అను శాస్త్రజ్ఞుడు, పాదరసపు గాజుగొట్టములో పైనుండు శూన్యస్థలమునకు కొంచెము నీటిని పంపి, వేడిచేయుచు, ఆవిరి పాదరసమును ఎంతవరకు క్రిందికి నెట్టునో కొలిచి 1802లో ప్రకటించెను. నేటి కొలతలనుబట్టి ఈ త్రోపుడు 20 డిగ్రీల సెంటిగ్రేడువద్ద 17½ మిల్లీమీటర్ల పాదరసమునకు సమానము; 30వద్ద సుమారు 32; 40వద్ద 55. 100 డిగ్రీలవద్ద 760 అయి, సముద్రమట్టమున గాలి త్రోపుడుతో సమానమగును. అప్పుడే నీరు తెర్లును.

ఈ లెక్కను మరల చూడుడు. మన కల్లపు వేడిమిలో పది డిగ్రీలు హెచ్చినప్పుడెల్ల త్రోపుడు ఇంచుమించు ముప్పాతికవంతు హెచ్చుచున్నది. ఎండలో గింజ యారుటకు ఇదియే కారణము. గింజలోని తేమ త్రోపుడు, గాలిలోని యావిరి త్రోపుడును మించియున్నంతసేపే ఆరుదల సాగును. పొడిగాలి వీచు మెట్టసీమలో త్వరగా ఆరు సరకు, ముసురుపట్టిన కోస్తాలో దినములు గడచినను ఆరకుండుట యిందువలననే.

ఇక రాశిని గూర్చి. 40 డిగ్రీల వేడిగల రాశిలో, గింజల సందులనుండు గాలియందు 40 మిల్లీమీటర్ల యావిరి యున్నదనుకొందము. రాత్రి పట్టా 30 డిగ్రీలకు చల్లబడగా, దానిని తాకిన గాలిలో 32కు మించి నిలువజాలదు. తక్కినది నీరై పట్టాకంటి, పైగింజలపై రాలును. రాశి నడుమ వేడి చాలసేపు నిలుచును గనుక ఆవిరి పైకి వచ్చుచునే యుండును. తెల్లవారునప్పటికి పైవరుస తడిసి, బూజునకు చోటగును.

వేరుసెనగలో ఈ బూజు మిక్కిలి చెడ్డది. 1960లో ఇంగ్లండులో బూజుపట్టిన వేరుసెనగపిండి మేసిన టర్కీకోళ్లు లక్షకుపైగా చచ్చెను. ఆ విచారణవలననే అఫ్లాటాక్సిను అను విషము తెలియవచ్చినది. బూజును తుడిచివేసినంతమాత్రమున ఆ విషము పోదు.

కావున ప్రొద్దు వాలుచుండగా సరకును పలుచగా నెరపియే వేడి తీయనిచ్చి, మంచు దిగకముందు రాశిచేసి గోనెపట్టాలు కప్పవలెను. వానభయమున్ననే టార్పాలిను. బస్తాలకెత్తుటయు చల్లారిన పిమ్మటనే. వడ్లలో నూటికి 14, వేరుసెనగకాయలలో 8 వంతులకు మించి తేమ యుండరాదు. ఆవిరి హెచ్చు త్రోపుడునుండి తక్కువ త్రోపుడువైపునకు ప్రాకును గనుక, సంఘపు గోదాములో ఒకరి పచ్చిబస్తా పొరుగువాని ఎండుబస్తాను గూడ చెరచును. ఈ సంగతిలో మొగమాటము పనికిరాదు.

తేమ కొలుచు యంత్రము లేనివారు పొడి గాజుసీసాలో బాగుగా ఎండిన మెత్తనియుప్పు కొంచెము వేసి, మూడవవంతువరకు వడ్లుపోసి, మూతబిగించి, కొన్ని నిమిషములు కదిపి నిలుపవలెను. ఉప్పు సీసా గోడకంటినచో తేమ నూటికి 15 మించియున్నదని యెరిగి, మరల ఎండబోయవలెను.