తీగలు శ్రుతి కలుపుకొందము

అనేక పల్లె సంఘములలో నేడు హార్మోనియం ప్రక్కన గిటారు కూడ మ్రోగుతున్నది. ఆ రెండింటికి శ్రుతి కలియనప్పుడు పాడేవారి గొంతు తడబడుతుంది. వెనుక వరుసలోని పెద్దలు పాడటమే మానివేస్తారు.

సెల్‌ఫోనులోని ట్యూనరు ఇందుకు మంచి సహాయము. తీగను మీటగానే ఫోను మైకు ఆ ధ్వనిని విని, సెకనుకు ఎన్ని కంపనములో లెక్కిస్తుంది. గిటారు లావు తీగ నుండి వరుసగా సుమారు 82, 110, 147, 196, 247, 330 రావలెను. ముల్లు ఎడమ వైపుంటే శ్రుతి తగ్గినట్లు, కుడి వైపుంటే హెచ్చినట్లు. హెచ్చితే తీగను కొంచెము వదలి, మరల మెల్లగా బిగించండి. అప్పుడు శ్రుతి నిలుస్తుంది. డోలకు, ఫ్యాను, మాటలు ఆపి ఒక్కొక్క తీగనే మీటండి. ముందే ఫోనులో దింపుకొన్న ట్యూనరైతే నెట్ అందని ఊరిలోను పనిచేస్తుంది.

అయితే ఒక సంగతి గమనించండి. ట్యూనర్లు సాధారణముగా 1939లో లండను సమావేశము నిర్ణయించిన 440 కంపనముల ప్రమాణమును అనుసరిస్తాయి. పాత హార్మోనియములన్నీ ఆ ప్రమాణములో ఉండవు. కాబట్టి మూడు నల్ల మెట్ల గుంపులో రెండవ, మూడవ మెట్ల మధ్యనున్న తెల్ల మెట్టును ముందుగా ట్యూనరుకు వినిపించండి. అది 443 చూపితే, ట్యూనరు అమరికలో 440కి బదులు 443 పెట్టి గిటారును సరిచేయండి.

హార్మోనియం రీడ్లను ఆరాధన వేళ మార్చలేము, తీగను మార్చగలము. అందుకే మేము యౌవనస్థులకు చెప్పేది ఇదే: కదలగలిగినవాడే కదలలేనివారి యొద్దకు వెళ్లవలెను.