లాగిన్ పేజీ ఉంది సరే, గేటు ఎక్కడ? జావా ఫిల్టర్ల కథ

ఈ వారం రేగోడ్‌లో మా ఇంటి నుంచే రికార్డ్ చేస్తున్నా. మధ్యలో కోడి కూసినా, బయట ట్రాక్టర్ పోయినా ఏమనుకోకండి. పోయిన ఎపిసోడ్‌లో సర్వ్‌లెట్ అంటే ఏంటో చూశాం కదా. అది చూసిన బీటెక్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, లాగిన్ పేజీ పెట్టాం, పాస్‌వర్డ్ చెక్ చేస్తున్నాం, ఇంక ఫిల్టర్ ఎందుకు?" మంచి ప్రశ్న. ఈ రోజు మొత్తం దీని మీదే.

కోడ్‌లోకి పోయే ముందు నిజంగా జరిగిన ఒక సంగతి చెప్తా. 2017 మే 1న సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ ఒక రిపోర్ట్ బయటపెట్టింది. రాసింది ఇద్దరు: అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి. కొడాలి మన హైదరాబాద్ రీసెర్చరే. వాళ్ళు నాలుగు ప్రభుత్వ సైట్లు పరిశీలించారు. రెండు కేంద్రానివి, ఒకటి పింఛన్లది, ఇంకొకటి ఉపాధి హామీది. మిగతా రెండు ఆంధ్రప్రదేశ్‌వి, చంద్రన్న బీమా, ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల రిపోర్టులు. ఈ నాలుగింటిలో కలిపి 13 నుంచి 13.5 కోట్ల ఆధార్ నంబర్లు, సుమారు 10 కోట్ల బ్యాంక్ ఖాతా నంబర్లు బయటివాళ్ళకు అందుబాటులో ఉండొచ్చని వాళ్ళ అంచనా.

నాలుగూ ఒకే రకం తప్పులు కాదు. మన టాపిక్‌కి కావాల్సింది ఆ పింఛన్ల సైట్. ఎన్‌ఎస్‌ఏపీ అంటారు, జాతీయ సామాజిక సహాయ పథకం, 1995లో మొదలైంది. ముసలివాళ్ళు, భర్త పోయిన ఆడవాళ్ళు, దివ్యాంగులు, వీళ్ళ వివరాలు అందులో ఉంటాయి. పేజీ మామూలుగా తెరిస్తే సొంత వివరాలు మాస్క్ చేసి కనిపించేవి. అంతవరకు బాగానే ఉంది. కానీ అడ్రస్‌లో ఒక పారామీటర్ విలువ 'నోలాగిన్' అని ఉండేది. దాన్ని 'లాగిన్' అని మారిస్తే పాస్‌వర్డ్ అడగకుండానే మాస్క్ లేని వివరాలు వచ్చేశాయని రిపోర్ట్‌లో రాశారు.

అర్థమైందా? హ్యాకింగ్ టూల్ లేదు, ఏమీ లేదు. ఫోన్ బ్రౌజర్‌లో రెండు ఇంగ్లిష్ అక్షరాలు చెరిపేయడమే. మా దగ్గర పింఛన్ ఇచ్చే రోజు వేలిముద్ర మిషన్ ముందు అవ్వలు లైన్లో కూర్చునేవాళ్ళు. పని చేసి చేసి వేళ్ళు అరిగిపోయి ముద్ర పడకపోతే, పక్క వేలు పెట్టు అవ్వా, ఇంకోసారి పెట్టు అవ్వా అని పది సార్లు పెట్టించేవాళ్ళు. తన పైసలు తీసుకోవడానికి అవ్వకు అంత చెకింగ్. అలాంటి అవ్వల ఖాతా నంబర్ చూడ్డానికి మాత్రం ఏ చెకింగూ లేదు.

ఆ సైట్ పేజీల అడ్రస్ చివర 'డాట్ డూ' అని ఉండేది. పాత జావా ప్రాజెక్టులు చూసినవాళ్ళకు వెంటనే తెలుస్తుంది, అది స్ట్రట్స్ అలవాటు. అంటే ఇది మన ఇంటి సమస్యే.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. హెచ్‌టీటీపీకి మతిమరుపు ఎక్కువ. మీరు ఒక క్లిక్ కొడితే ఒక రిక్వెస్ట్. ఇంకో క్లిక్ కొడితే అది పూర్తిగా కొత్త రిక్వెస్ట్, ముందటిది గుర్తుండదు. అందుకే లాగిన్ అయినప్పుడు సర్వర్ తన దగ్గర ఒక సెషన్ తెరిచి, అందులో మీరెవరో రాసుకుని, దాని నంబర్‌ను జేసెషన్‌ఐడీ అనే కుకీలో పెట్టి మీ బ్రౌజర్‌కు ఇస్తుంది. తర్వాత ప్రతి క్లిక్‌తో ఆ కుకీ కూడా పోతుంది. లాగిన్ పేజీ చేసే పని ఇంతే. సెషన్‌లో పేరు రాయడం దగ్గర దాని డ్యూటీ అయిపోయింది. మిగతా పేజీలకు అది కాపలా కాయదు. ఎవరైనా లాగిన్ పేజీ వైపు చూడకుండా నేరుగా '/పేస్లిప్' అని అడ్రస్ కొడితే? ఆ సర్వ్‌లెట్ అడగకపోతే ఇంకెవరూ అడగరు.

సరే, ప్రతి సర్వ్‌లెట్‌లో నాలుగు లైన్లు రాద్దాం అంటారు. నలభై సర్వ్‌లెట్లలో రాస్తారు. నలభై ఒకటోది శుక్రవారం సాయంత్రం హడావిడిగా ఇంకెవరో రాస్తారు, మర్చిపోతారు. అందుకే 2001లో సర్వ్‌లెట్ 2.3తో ఫిల్టర్ వచ్చింది. అందరూ ఒకే గేటు గుండా రావాలి, చెక్ ఆ గేటు దగ్గరే.

స్క్రీన్ మీద బొమ్మ చూడండి. రిక్వెస్ట్ ముందు టామ్‌క్యాట్‌కు వస్తుంది. ఆ అడ్రస్‌కు ఏయే ఫిల్టర్లు వర్తిస్తాయో చూసి టామ్‌క్యాట్ వాటిని ఒక గొలుసులా పేరుస్తుంది. చివర్లో మీ సర్వ్‌లెట్. ఫిల్టర్‌లో అసలు మెథడ్ ఒకటే, డూఫిల్టర్. దాని చేతికి మూడు వస్తాయి: రిక్వెస్ట్, రెస్పాన్స్, చెయిన్. చెయిన్ డాట్ డూఫిల్టర్ అని పిలిస్తే రిక్వెస్ట్ ముందుకు పోతుంది. పిలవకపోతే అక్కడే ఆగుతుంది, సర్వ్‌లెట్‌కు ఎవరో వచ్చారన్న సంగతే తెలియదు. ఫిల్టర్ బలం మొత్తం ఈ పిలవకపోవడంలోనే ఉంది.

మన ఆథ్ ఫిల్టర్ ఏం చేస్తుంది? గెట్‌సెషన్ అని పిలిచి, బ్రాకెట్‌లో ఫాల్స్ ఇస్తుంది. ఆ ఫాల్స్ మర్చిపోకండి. అది లేకపోతే సెషన్ లేనివాళ్ళకు కూడా కొత్తది తయారవుతుంది, దారిన పోయే ప్రతి బాట్‌కూ ఒక సెషన్, మెమరీ దండగ. సెషన్ ఉండి, అందులో యూజర్ ఉంటే చెయిన్ డాట్ డూఫిల్టర్. లేకపోతే సెండ్‌రీడైరెక్ట్ చేసి లాగిన్ పేజీకి, ఆ వెంటనే రిటర్న్.

ఆ రిటర్న్ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. నేను చూసిన స్టూడెంట్ ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. సెండ్‌రీడైరెక్ట్ అనగానే మెథడ్ ఆగిపోతుంది అనుకుంటారు. ఆగదు. అది రెస్పాన్స్‌లో '302, అటు పో' అని రాస్తుంది, అంతే. రిటర్న్ లేకపోతే కంట్రోల్ కింది లైన్‌కు వస్తుంది. అక్కడ చెయిన్ డాట్ డూఫిల్టర్ ఉంటే సర్వ్‌లెట్ నడుస్తుంది. బ్రౌజర్‌లో చూస్తే లాగిన్ పేజీయే కనిపిస్తుంది, టెస్ట్ పాస్ అనుకుంటారు. వెనకాల మాత్రం రికార్డ్ డిలీట్ అయిపోయి ఉంటుంది.

ఇక నా బాగోతం. మొదటి ఉద్యోగంలో, కంపెనీ పేరు వద్దులెండి, జీతాల స్లిప్పులు చూపించే పోర్టల్‌కు ఫిల్టర్ నేనే రాశా. 'స్లాష్ స్టార్' అని మ్యాప్ చేశా, అంటే అన్ని అడ్రస్‌లకూ వర్తిస్తుంది. వెంటనే లాగిన్ పేజీ రంగులన్నీ పోయాయి. ఎందుకంటే సీఎస్‌ఎస్ ఫైల్ కూడా గేటు దగ్గర ఆగిపోయింది. దానిదేముంది అని ఒక లైన్ రాశా: గెట్‌రిక్వెస్ట్‌యూఆర్‌ఐ 'డాట్ సీఎస్‌ఎస్'తో ముగిస్తే వదిలెయ్. రంగులు వచ్చాయి. నేను టీ తాగడానికి పోయా.

రెండు రోజుల తర్వాత టెస్టింగ్ టీమ్ అక్క పిలిచింది. "తమ్ముడూ, నేను లాగిన్ అవ్వలేదు. మీ మేనేజర్ జీతం ఎంతో చెప్పనా?" ఇన్‌కాగ్నిటో విండోలో స్లిప్ తెరిచి ఉంది. అడ్రస్ చూస్తే '/పేస్లిప్;ఎ.సీఎస్‌ఎస్'.

ఏం జరిగిందంటే, అడ్రస్‌లో సెమికోలన్ తర్వాత వచ్చేదాన్ని పాత్ పారామీటర్ అంటారు. గెట్‌రిక్వెస్ట్‌యూఆర్‌ఐ ఆ తోకతో సహా మొత్తం ఇస్తుంది. నా ఫిల్టర్ తోక చూసి, సీఎస్‌ఎస్ కదా పో అంది. టామ్‌క్యాట్ సర్వ్‌లెట్‌ను వెతికేటప్పుడు మాత్రం తోక కత్తిరించి '/పేస్లిప్' అని చదువుతుంది. ఒకే అడ్రస్‌ను ఫిల్టర్ ఒకలా, టామ్‌క్యాట్ ఇంకోలా చదివాయి. ఆ సందులోంచి అక్క లోపలికి పోయింది. ఆ రోజు నిజంగా చెమటలు పట్టాయి నాకు.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం అనుకోకండి. అపాచీ షిరో అని పేరున్న సెక్యూరిటీ లైబ్రరీ ఉంది. స్ప్రింగ్‌తో కలిపి వాడినప్పుడు, ప్రత్యేకంగా తయారుచేసిన అడ్రస్‌తో లాగిన్ చెక్‌ను దాటేయొచ్చని 2020లో బయటపడింది, సీవీఈ-2020-1957. 1.5.2 వెర్షన్‌లో సరిచేశారు.

పింఛన్ సైట్‌ది, నాదీ పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ పారామీటర్, ఇక్కడ తోక. రెండు చోట్లా లోపలికి రానివ్వాలా వద్దా అనేది వచ్చినవాడు రాసిన అక్షరాల మీద ఆధారపడింది. అడ్రస్ బార్ యూజర్ చేతిలో ఉంది. కుకీ కూడా యూజర్ చేతిలోనే ఉంది కదా అన్నా అంటారేమో. అవును, కానీ అది ఊహించలేనంత పొడుగు నంబర్, దాని ఎదురుగా పేరు రాసి ఉన్నది సర్వర్ దగ్గర. 'నోలాగిన్'లో ఊహించడానికి ఏముంది?

నేను చేసిన రిపేర్ చిన్నదే. సీఎస్‌ఎస్, బొమ్మలు అన్నీ 'స్టాటిక్' అనే ఒక ఫోల్డర్‌లోకి మార్చా. గెట్‌రిక్వెస్ట్‌యూఆర్‌ఐ తీసేసి గెట్‌సర్వ్‌లెట్‌పాత్ వాడా, అది టామ్‌క్యాట్ చదివినట్టే తోక లేకుండా ఇస్తుంది. లాగిన్ పేజీ, స్టాటిక్ ఫోల్డర్ తప్ప మిగతా అన్నీ మూత. కొత్త పేజీ ఎవరు పెట్టినా అది మూసే ఉంటుంది, కావాలంటే అడిగి తెరిపించుకోవాలి. కొందరు తలకిందులుగా, మూయాల్సినవాటి లిస్ట్ రాస్తారు. ఆ పద్ధతి నాకు అస్సలు ఇష్టం లేదు. మర్చిపోయిన ప్రతి పేజీ తెరిచే ఉంటుంది.

ఇంకో రెండు మాటలు గబగబా. ఫిల్టర్ల వరస మీకు ముఖ్యమైతే వెబ్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో మ్యాపింగ్ రాయండి, అక్కడ రాసిన వరసే నడుస్తుంది. వెబ్‌ఫిల్టర్ యానోటేషన్‌తో వరసకు గ్యారంటీ లేదు. లాగిన్ సక్సెస్ అయ్యాక చేంజ్‌సెషన్‌ఐడీ పిలవండి, పాత నంబర్ ముందే ఎవరి దగ్గరైనా ఉంటే పనికి రాకుండా పోతుంది. లాగౌట్‌లో ఇన్‌వాలిడేట్.

మొబైల్ యాప్ రాసేవాళ్ళకు ఒక విషయం. యాప్‌కు లాగిన్ పేజీ అక్కర్లేదు. సెషన్ అయిపోయాక ఫిల్టర్ 302 ఇస్తే, యాప్ అటు వెళ్ళి హెచ్‌టీఎమ్‌ఎల్ తెచ్చుకుని, జేసన్ అనుకుని చదవబోయి 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్' అని పడిపోతుంది. మీ ఫోన్లో ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు. ఏపీఐ అడ్రస్‌లకు ఫిల్టర్ 401 ఇవ్వాలి. 401 అంటే నువ్వెవరో తెలియదు. 403 అంటే నువ్వెవరో తెలుసు, అయినా కుదరదు.

స్ప్రింగ్ సెక్యూరిటీ వాడితే ఇవన్నీ అవసరమా అంటే, అది కూడా ఫిల్టర్ల గొలుసే. మొదట్లో ఏసీజీ అనే పేరుతో ఉండేది, 2008లో 2.0 వెర్షన్‌తో స్ప్రింగ్ సెక్యూరిటీ అయింది. టామ్‌క్యాట్‌కు కనిపించేది ఒక్క ఫిల్టరే, దాని లోపల ఇంకో డజను. నన్ను ముంచిన సెమికోలన్‌ను దాని ఫైర్‌వాల్ మామూలుగానే తిప్పి పంపేస్తుంది. రూల్స్ రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త, పై నుంచి కిందికి చూస్తుంది, మొదట కలిసిన రూలే ఖాయం. 'ఎనీరిక్వెస్ట్ ఆథెంటికేటెడ్' చివర్లో ఉండాల్సిందే.

ఫిల్టర్ చేయలేనిది ఒకటుంది. నేను సరిగ్గా లాగిన్ అయ్యా, ఫిల్టర్ వదిలింది. అడ్రస్‌లో 'ఐడీ=101' నా స్లిప్. దాన్ని 102 చేస్తే పక్కవాడి స్లిప్ వస్తుందా? ఫిల్టర్‌కు నేనెవరో తెలుసు, 102 ఎవరిదో తెలియదు. ఆ చెక్ డేటాబేస్ దగ్గర పడాలి: ఐడీ ఇదీ, ఓనర్ సెషన్‌లో ఉన్న యూజరూ, రెండూ కలిస్తేనే రికార్డ్ ఇవ్వు అని క్వెరీలోనే రాయాలి. నా పోర్టల్‌లో ఇది కూడా లేదు. అక్కే పట్టుకుంది, అదే రోజు మధ్యాహ్నం.

మీ కాలేజ్ ప్రాజెక్ట్ ఉంటే ఇప్పుడే ఇన్‌కాగ్నిటోలో తెరిచి, లోపలి పేజీ అడ్రస్ నేరుగా కొట్టి చూడండి. తర్వాత సెమికోలన్ తోక పెట్టి చూడండి. మీ సొంత ప్రాజెక్ట్ మీదే సుమా, వేరేవాళ్ళ సైట్ మీద చేస్తే ఐటీ చట్టం సెక్షన్ 43, 66 ఉన్నాయి. వచ్చే వారం సెషన్ లేకుండా టోకెన్‌తో నడిచే ఫిల్టర్ రాద్దాం. ఈ కోడ్‌నే తెరిచి పెట్టుకోండి, దాంట్లోనే మారుస్తాం.