గిన్నె ఒక్కటే, ఉప్పే వేరు

మొన్న వేసవిలో మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. "అమ్మా, ఆవకాయ ఉప్పు కషాయంలా ఉంది. నువ్వు చెప్పినట్టే పెట్టాను కదే!" అని దాని మొర.

"ఏ గిన్నెతో కొలిచావు?"

"నువ్విచ్చిన స్టీలు గిన్నెతోనే. ఆరు గిన్నెల ముక్కలు, ఒక గిన్నె కారంగుండ, ఒక గిన్నె ఆవగుండ, ఒక గిన్నె ఉప్పు."

"ఉప్పు ఎలాంటిది?"

"ప్యాకెట్టుదే. ఇంకేముంటుంది?"

గిన్నె మా ఇంటిదే. ఉప్పు మా ఊరిది కాదు. అక్కడ వచ్చింది తంటా.

మాది ఒడిశాలోని గంజాం జిల్లా హుమ్మ. బరంపురంలో పాసింజరు ఎక్కితే ఛత్రపురం, గంజాం దాటాక, రంభకి ముందు వస్తుంది. ఎండాకాలంలో వచ్చిన వాళ్లకి కిటికీలోంచి చదరం చదరంగా మళ్ళు, వాటి గట్ల మీద తెల్లటి కుప్పలు కనిపిస్తాయి. చిన్నపిల్లలు సున్నం అనుకుంటారు. అది ఉప్పు. మా నాన్న ఉప్పు కొఠార్లో లెక్కలు రాసేవారు. అమ్మది సోంపేట. అందుకని మాకు ఇంట్లో తెలుగు ఉప్పు, వీధిలోకి వెళ్తే ఒడియా లుణొ. రెండూ ఒకే బుట్టలోవి.

నేను బడిలో ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పాను గానీ, ఉప్పు పాఠం మాత్రం నాన్న వెనకాల గట్ల మీద నడుస్తూ నేర్చుకున్నదే.

మడిలో ఏం జరుగుతుంది?

లీటరు సముద్రపు నీళ్లలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో మనం తినే ఉప్పు సుమారు 27 గ్రాములు. మిగతాది మెగ్నీషియం, కాల్షియం లాంటి వాటి లవణాలు. పోటుకి లోపలికొచ్చిన ఉప్పునీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్ళిస్తూ ఎండకి చిక్కబరుస్తారు. నీరు చిక్కబడే కొద్దీ ముందు సున్నం సంబంధమైనవి అడుగున పేరుకుంటాయి. ఆ తరవాతే అసలు ఉప్పు గళ్ళు కడుతుంది. అన్నిటికన్నా ఆఖర్న నీళ్లలో మిగిలేది మెగ్నీషియం. అది కటిక చేదు. అందుకే మడి పూర్తిగా ఎండిపోయేదాకా ఊరుకోరు. గళ్ళు తేలగానే కర్ర పలకలతో గట్టుకి లాగి, చేదునీటిని వదిలేస్తారు. ఆ పనిలో ఒడుపంతా ఆపడంలో ఉంది. ఒక్కపూట ఆలస్యమైతే ఉప్పు చేదెక్కుతుంది.

ఎంత జాగ్రత్తపడినా కొత్త ఉప్పుకి ఆ చేదునీరు కొంచెం అంటుకునే ఉంటుంది. వానాకాలంలో డబ్బాలోని గళ్ళుప్పు చెమ్మగిల్లి నీళ్లోడుతుంది చూడండి, ఆ నేరం ఎక్కువగా మెగ్నీషియానిదే. గాలిలో తేమని లాక్కునే గుణం దానిది. మా అమ్మ ఆ గుణాన్నే పనికి పెట్టేది. ఉప్పుని వెదురుబుట్టలో పోసి వంటింటి దూలానికి వేలాడదీసి, కింద ఒక మట్టి చట్టి పెట్టేది. తేమ పట్టిన మెగ్నీషియం కరిగి చుక్కచుక్కగా చట్టిలోకి దిగేది. ఓ వానాకాలం గడిస్తే బుట్టలో మిగిలింది పాత ఉప్పు. ఊరగాయలకి అదే. "కొత్త ఉప్పు పచ్చట్లో వెయ్యకే, నాలిక మీద కరకర పోయి చేదు వస్తుంది" అనేది. రసాయనశాస్త్రం నేను కాలేజీలో చదివాక తెలిసింది, అమ్మ చేసేది ఉప్పుని శుద్ధి చెయ్యడమేనని. జపాను వాళ్లు ఆ చేదునీటిని నిగారి అంటారు. సోయాపాలు విరగ్గొట్టి టోఫు చేసేది దాంతోనే. మేం మాత్రం పెరట్లో పారబోసేవాళ్లం.

చైత్ర వైశాఖాల్లో ఊళ్లో అందరి చూపూ ఆకాశం మీదే. కాళబైశాఖి అని ఉరుములతో ఒక్క గాలివాన వచ్చిందంటే మడిలో గళ్ళు కట్టినదంతా మళ్లీ నీళ్లే. సాయంత్రం నల్లమబ్బు లేస్తే నాన్న అన్నం ముందు కూర్చుని కూడా చెయ్యి పెట్టేవారు కాదు.

వంటింట్లో మూడు పనులు

గళ్ళుప్పుకి మా ఇంట్లో మూడు పనులుండేవి.

మొదటిది ఊరగాయ. ఉప్పు తగిలితే మామిడిముక్క లోపలి నీళ్లు బయటికి వస్తాయి. ఆ ఊటలో ఉప్పు, పులుపు, నూనె కలిస్తే బూజుకి చోటుండదు. గళ్ళు మెల్లగా కరుగుతాయి గనక ఊట కూడా మెల్లగా ఊరుతుంది. అమ్మ పాత ఉప్పుని రెండు రోజులు ఎండబెట్టి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి వేసేది. మూడో రోజు జాడీ మూత తీసి కలిపేటప్పుడు మాకందరికీ ఒక్కో ముద్ద. వేడన్నంలో ఆ కొత్త ఊట కలుపుకున్న రోజున ఇంకే కూరా అడిగేవాళ్లం కాదు.

రెండోది చేప. ఇటు సముద్రం, అటు చిలకా సరస్సు. చేప ఎక్కువ దొరికిన రోజున కడిగి, పొట్ట చీల్చి, గళ్ళుప్పు కూరి, ఎండలో ఆరబెట్టేవారు. పప్పుచారు కాచిన రోజున ఉప్పుచేప నిప్పుల మీద కాల్చాల్సిందే. ఆ వాసనకి పక్కింటి మావుసీ గోడ మీంచి "శుఖువా కాలుస్తున్నారా?" అని ఒడియాలో అడిగేది. అడిగాక పెట్టకుండా ఎలా? మర్నాడు ఆమె దగ్గర్నుంచి పఖాళ వచ్చేది.

మూడోది ఆ పఖాళే. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున్నకి పులియనిస్తారు. మనం చద్దన్నం అంటాం, వాళ్లు పఖాళ అంటారు. మావుసీ అందులో కాస్త పెరుగు, కరివేపాకు, కాల్చిన బంగాళాదుంప మెదిపి, వేయించిన బడి నలిపి వేసేది. బడి అంటే మన వడియమే. ఉప్పు మాత్రం కలిపేది కాదు. కంచం అంచున నాలుగు గళ్ళు, ఒక పచ్చిమిరపకాయ. ముద్దకో గల్లు పంటి కింద నొక్కుకోవాలి. చల్లటి అన్నంలో ఒక్కచోట చురుక్కుమనే ఆ ఉప్పు నాకు ఇప్పటికీ వేసవి అంటే గుర్తొచ్చే మొదటి రుచి.

మావుసీ ఇంట్లోనూ మా ఇంట్లోనూ ఒకటే పద్ధతి: ఉప్పు చేతికి ఇవ్వరు, కింద పెడితే తీసుకోవాలి. చేతిలో పెడితే తగువొస్తుందట. అన్నేళ్లలో రెండిళ్లకీ తగువు రాలేదు గనక పద్ధతి పనిచేసిందనే అనుకోవాలి.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ తరవాత చాలా రోజులు కరెంటు లేదు. ఫ్రిజ్జులో ఉన్నదంతా మూడోరోజుకే పారబోశాను. అటక మీద ఆవకాయ జాడీ, డబ్బాలో ఎండుచేపలు, చట్టిలో చద్దన్నం, వాటితోనే ఇంటిల్లిపాదీ తిన్నాం. కరెంటు రాకముందు మనుషులు తిండిని ఎలా దాచుకున్నారో ఆ వారం నాకు మళ్లీ పాఠం చెప్పింది.

కిటికీలో కనిపించినా కొనాల్సిందే

గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాజధానిలో భాగం. ఆ రోజుల్లో ఉప్పు మీద సర్కారు పన్ను. మడి పక్కనే కాపురమున్నా, నేల మీద తెల్లగా పేరుకున్నది గుప్పెడు ఎత్తుకుంటే నేరం. 1930 ఏప్రిల్ 6న గాంధీజీ దండిలో ఉప్పు తీశాక ఆ సత్యాగ్రహం మా వైపూ వచ్చింది. గంజాం జిల్లాలో అది సాగిన చోట్లలో హుమ్మ ఒకటి. పన్ను 1947లో పోయింది. మా నాన్న తరం వాళ్లు ఉప్పు కింద ఒలికితే ఊడ్చి పారేసేవారు కాదు, ఏరి బుట్టలో వేసేవారు. ఎందుకో నాకు ఆ కథ విన్నాకే అర్థమైంది.

ప్యాకెట్టుకి చెందవలసిన మాట

ఇంత చెప్పి ప్యాకెట్టు ఉప్పుని తిట్టిపోస్తానేమో అనుకోకండి. సముద్రపు ఉప్పులో అయోడిన్ దాదాపు ఉండదు. అయోడిన్ చాలకపోతే గొంతు కింద గాయిటర్ వాపు వస్తుంది. కడుపులో ఉన్న బిడ్డ మెదడు ఎదుగుదల కూడా దెబ్బతింటుంది. అందుకే ప్రభుత్వం 1962లో గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. అయోడిన్ కలపని ఉప్పుని తినడానికి అమ్మకూడదన్న నిషేధం 2006 నుంచి దేశమంతా అమల్లో ఉంది. బడిలో పిల్లలకి ఈ సంగతి చెప్పినదాన్ని, ఇంట్లో పాటించకపోతే ఎలా? రోజువారీ పప్పుకీ చారుకీ అయోడిన్ ఉప్పే వాడతాను. పొయ్యి దించే ముందు వేస్తాను, ఎక్కువసేపు మరిగితే అయోడిన్ కొంత పోతుంది. డబ్బా మూత గట్టిగా పెడతాను, పొయ్యి పక్కన ఉంచను. అయోడిన్ కలిపిన గళ్ళుప్పు కూడా ఇప్పుడు ప్యాకెట్లలో దొరుకుతోంది. ఏ ఉప్పైనా పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాములలోపే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే అన్నిటిలోనూ కలిపి ఒక చిన్న చెంచా. ఊరగాయ ప్రియులం మనమే ఈ మాట ఎక్కువగా గుర్తు పెట్టుకోవాలి.

ఇక మా అమ్మాయి ఆవకాయ సంగతి. కచ్చాపచ్చా గళ్ళ మధ్య గాలి ఎక్కువ, ఉప్పు తక్కువ. మిల్లు గుండ సన్నగా ఒత్తుగా కూరుకుంటుంది. అదే గిన్నెలో గుండ పోస్తే బరువు బాగా పెరుగుతుంది. "ఇంకో రెండు కాయలు కొట్టి, ఉప్పు వెయ్యకుండా ఆవగుండ, కారం, నూనె కలిపి జాడీలో వెయ్యి. నాలుగు రోజులాగి చూడు" అన్నాను. సర్దుకుంది.

మీ అమ్మమ్మ గిన్నె కొలతతో పచ్చడి పెడుతున్నారా? ఆమె ఏ ఉప్పు వేసేదో ముందు కనుక్కోండి. చెప్పేవాళ్లు లేకపోతే గిన్నె పక్కన పెట్టి కాటా తీయండి. మా ఇంట్లో ఇప్పుడు కిలో మామిడిముక్కలకి 200 గ్రాముల ఉప్పు, గళ్ళైనా గుండైనా.