పాత కంప్యూటర్ల మార్పుచేర్పులలో ప్రమాదాలు

పాత కంప్యూటరును ఇంటివద్ద విప్పి భాగాలు మార్చడం, లేదా ఆ భాగాలను వేరే పనికి వాడుకోవడం విద్యార్థులలోను, అభిరుచి గలవారిలోను కనిపించే అలవాటు. మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు వంటివి 12 వోల్టులకు మించని విద్యుత్తుతో పనిచేస్తాయి కనుక వాటివలన షాక్ భయం దాదాపు లేదు. పవర్ సప్లై (ఎస్.ఎం.పి.ఎస్.), సి.ఆర్.టి. మానిటరు మాత్రం ప్రాణాపాయం కలిగించగలవు. ప్లగ్గు తీసిన తరువాత కూడా వీటిలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చును.

పవర్ సప్లై

కామారెడ్డి జిల్లా లింగంపేటలోనైనా, హైదరాబాదులోనైనా ఇళ్ళకు వచ్చే సరఫరా 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. ఎస్.ఎం.పి.ఎస్. దీనిని మొదట సుమారు 325 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి, పెద్ద కెపాసిటర్లలో నిలువ చేస్తుంది. ప్లగ్గు తీసిన పిమ్మట ఈ నిలువను హరించడానికి నిరోధకాలు ఉంటాయి. అవి చెడిపోతే విద్యుత్తు చాలాసేపు అలాగే ఉండిపోతుంది. కాబట్టి శిక్షణ లేనివారు ఈ పెట్టెను విప్పక, మొత్తంగా మార్చడమే మేలు.

అమెరికా నుండి తెచ్చిన పాత కంప్యూటర్ల వెనుక 115/230 అనే చిన్న మీట ఉండవచ్చును. అది 115 వద్ద ఉండగా మన సరఫరాకు కలిపితే కెపాసిటర్లు పేలిపోగలవు.

ఎర్తింగు

క్యాబినెట్టును తాకినప్పుడు చేతికి జిల్లుమనడం సాధారణంగా ఎర్తింగు లేదనడానికి గుర్తు. ఫిల్టరు కెపాసిటర్ల ద్వారా వచ్చే ఈ విద్యుత్తు స్వల్పమే. అయితే లోపలి తీగ తెగి లోహానికి తగిలితే 230 వోల్టులూ పెట్టెపైకి వస్తాయి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్నును తీసివేయడం అందువల్లనే ప్రమాదకరం.

సి.ఆర్.టి. మానిటరు

రంగుల మానిటరు గాజు గొట్టంలో 20,000 వోల్టులకు పైగా ఉంటుంది. ఆపివేసిన తరువాత కూడా గొట్టం ఈ ఆవేశాన్ని నిలుపుకోగలదు. లోపల శూన్యం ఉన్నందున గొట్టం పగిలితే గాజు ముక్కలు వేగంగా ఎగిరిపడతాయి. ఆ గాజులో సీసం కూడా ఉంటుంది.

ఇతర జాగ్రత్తలు

* సీసం కలిసిన టంకంతో పనిచేసేటప్పుడు గాలి ఆడేలా చూడాలి. తరువాత చేతులు కడుక్కోవాలి.
* ఉబ్బిన ల్యాప్‌టాప్ బ్యాటరీని గుచ్చరాదు, ఛార్జి చేయరాదు.
* మదర్‌బోర్డుపై ఉండే నాణెం వంటి బ్యాటరీని పిల్లలు మింగితే రెండు గంటలలోనే అన్నవాహిక కాలిపోగలదు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.
* రాగి కోసం తీగలను కాల్చరాదు. ఆ పొగ విషపూరితం. పనికిరాని భాగాలను, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లింగు సంస్థలకు చేర్చాలి.