మందార మీద ఆ తెలుపేమిటి?

రండర్రా, ఇలా కుండీ చుట్టూ కూర్చోండి. మొక్కలకి తెల్లగా ఏదో పట్టిందని పొద్దుటినుంచి ఒకటే గోల చేస్తున్నారు. తెల్లగా కనిపించిందల్లా రోగం కాదర్రా. ముందు వేలితో ముట్టుకుని చూడాలి.

ఈ ఆకు మీద చూడండి, నీటిచుక్క ఆరినచోటల్లా గుండ్రంగా మరక. ఇది మన బోరు నీళ్లలోని సున్నం. నీళ్లు కాచే గిన్నె అడుగున గట్టిగా పేరుకునేదీ ఇదే. నీరు ఆవిరైపోతుంది, సున్నం పాపం ఎక్కడికి పోతుంది? నిమ్మరసం కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి తుడిచి, మంచినీళ్లతో కడిగేస్తే సరి. దీనికి మందు కొట్టడం శుద్ధ దండగ.

ఇక ఆ గులాబీ లేతాకుల మీద విభూతి చల్లినట్టుందే, అది బూడిద తెగులు. అదొక బూజు. తుడిస్తే పోతుంది గానీ నాలుగు రోజులకి మళ్లీ వస్తుంది. వింతేమిటంటే, చాలా బూజులు ఆకు తడిగా ఉంటేనే మొలకెత్తుతాయి. దీనికి మాత్రం ఆకు మీద నీళ్లు నిలిస్తే గిట్టదు, గాలిలో తేమ ఉంటే చాలు. అందుకే చలికాలంలో, గాలాడకుండా కుండీలు ఇరికించినచోట రెచ్చిపోతుంది. పట్టిన ఆకులు తుంచి, కుండీలు ఎడంగా పెట్టాలి. తగ్గకపోతే నీళ్లలో కలిసే గంధకం పొడి, లీటరుకి 3 గ్రాములు. ఎండ మండేటప్పుడు కొట్టారో, ఆకులు మాడతాయి. 1999లో బ్రెజిల్‌లో బెట్టియోల్ అనే శాస్త్రవేత్త పాలు కలిపిన నీళ్లు కొట్టినా ఈ తెగులు తగ్గుతుందని జుకినీ మొక్కల మీద చూపించాడు. నిజమే, కానీ కాఫీ పాలు మొక్కకి పోస్తే మీ అమ్మమ్మ ఊరుకోదు.

అసలు దొంగ మందార మీదుంది. కాడల మొదట్లో ఆ దూది ముద్దని పుల్లతో కదపండి. కాళ్లున్నాయా? పిండినల్లి! ఆ తెలుపంతా దాని ఒంట్లోంచి ఊరిన మైనం. అందుకే ఉత్త నీళ్లు కొడితే జారిపోతాయి. రసం పీల్చి, మిగిలిన తీపిని బంకగా వదులుతుంది. ఆ తీపికి చీమలు చేరి, దాన్ని శత్రువుల నుంచి కాపాడి, కొమ్మ నుంచి కొమ్మకి మోసుకుపోతాయి కూడాను. కాబట్టి చీమల దారి కట్టకుండా పిండినల్లిని వదిలించలేం. మరో సంగతి, ఏటికొప్పాక బొమ్మలకి పూసే లక్క ఉంది చూశారూ, దాన్ని చేసే పురుగు ఈ పిండినల్లికి దూరపు చుట్టమే. ఒకటి మనకి బొమ్మలిచ్చింది, ఇంకొకటి మొగ్గలు రాలగొడుతోంది!

నాలుగైదు ముద్దలే ఉంటే ఇంజక్షన్‌కి ముందు రాసే స్పిరిట్‌లో దూది ముంచి అద్దండి, మైనం కరిగి చస్తాయి. ఎక్కువుంటే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు. సబ్బెందుకంటే, నూనె నీళ్లలో కలవాలిగా! ముందు ఒక్క ఆకు మీద కొట్టి చూసి, మాడకపోతే సాయంత్రం పూట మొక్కంతా తడపండి, ఆకుల అడుగున మరీనూ. గంధకం కొట్టిన మొక్కకైతే రెండు వారాలు ఆగాలి, రెండూ కలిస్తే ఆకు మాడుతుంది. గుడ్లు ఒక్కసారికి చావవు, పిల్లలు పుట్టుకొస్తూనే ఉంటాయి. అందుకని వారానికోసారి మళ్లీ కొట్టాలి.

అన్నట్టు, ఈ ముద్దల మధ్య తెల్ల కుచ్చులేసుకుని, మిగతావాటికంటే పెద్దగా, చురుగ్గా తిరిగేదొకటి కనబడితే నలిపేయకండి. అది అక్షింతల పురుగు జాతిలో ఒకదాని పిల్ల. వేషం పిండినల్లిది, తిండీ పిండినల్లే. అది కనబడ్డ కొమ్మకి నూనె కొట్టకుండా వదిలేయండి, మన పని అదే చేసిపెడుతుంది.